టాపు మీద ఇద్దరు బావలు

ఆ రోజు పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేక ఉంది. తూర్పున ఎండ కాస్తూనే ఉంది. పడమట మాత్రం కడిగి సగం ఆరిన గచ్చులా మబ్బు పరుచుకుని ఉంది. కండక్టరు మెడ వెనక్కి వంచి దాన్ని కాసేపు చూశాడు. సాయంత్రానికి దిగుతుంది అనుకున్నాడు.

వాన దిగేలోపు బస్సు టాపుకి రబ్బరు పూత పడాలి.

బస్సు పాతది. కండక్టరూ డ్రైవరూ ఉద్యోగమంతా దాని మీదే చేశారు. వరసకు బావలు, డ్రైవరు చెల్లెల్నే కండక్టరు చేసుకున్నాడు. వీళ్ళిద్దరూ రిటైరైన కొన్నాళ్ళకు బస్సూ రిటైరైంది. తుక్కులోకి పోయేదాన్ని డ్రైవరు తెచ్చుకుని, లారీ షెడ్డు వెనక ఖాళీ జాగాలో నిలబెట్టి, సీట్లు పీకించి ఇల్లు చేసుకుంటున్నాడు. వెనక పొయ్యి గట్టు, మధ్యలో మంచం. స్టీరింగు మాత్రం కదపనివ్వలేదు. అది తీస్తే బస్సుకు కళ్ళు పీకినట్టే అంటాడు.

భార్య పోయినప్పటి నుంచి ఆయన ఒక్కడే. చెల్లెలు తమ ఇంటికి వచ్చి ఉండమని చెవినిల్లు కట్టుకుని పోరింది. చివరికి విసుగొచ్చి ఒక మాట అన్నాడు. "మొదటి వానకు బస్సులో ఒక్క చుక్క పడిందా, మూట సర్దుకుని మీ ఇంటికొచ్చేస్తా. పడలేదా, ఇక ఆ ఊసెత్తకు."

ఆ మాట పట్టుకుని నిన్న ఆ చెల్లెలు తన మొగుడు కండక్టరు పక్కన చేరింది.

"రేపు మీరు సాయం వెళ్తున్నారుగా. ఎక్కడో ఓ చోట ఒక్క చిల్లు మర్చిపోండి."

"నా చేత్తోనా?"

"మీ చేత్తో కాక పక్కింటాయన చేత్తోనా. మా అన్నయ్య వేళకింత వేడిగా తింటాడు. ఆ పుణ్యమంతా మీకే."

కండక్టరు ఇరవై ఊళ్ళ జనం ఎక్కిన బస్సులో ఒక్క టిక్కెట్టు తప్పు కొట్టని మనిషి. అటు పెళ్ళాం, ఇటు బావ, మధ్యలో తను అడకత్తెరలో పోకచెక్క.

వెనకనున్న ఇనప నిచ్చెన మీదుగా ఇద్దరూ టాపెక్కారు. తీగల బ్రష్షుతో తుప్పు గీకారు. సబ్బు నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండకు వదిలారు. ఒకప్పుడు అక్కడ సామాన్లు వేసే కమ్మీలుండేవి. అవి ఊడదీశాక వాటి బోల్టుల బెజ్జాలు టాపు పొడుగునా మిగిలాయి. నీళ్ళు కారేది వాటిలోంచే. ఒక్కో బెజ్జం మీద చిక్కటి రబ్బరు పూసి, గుడ్డ పట్టీ అంటించి, మళ్ళీ పైన పూయాలి. రేకు మీద రేకు కలిసిన అతుకులకూ అంతే.

మంచానికి సరిగ్గా పైనున్న బెజ్జం దగ్గరకు వచ్చేసరికి కండక్టరు చెయ్యి ఆగింది. అటూ ఇటూ చూసి, తువ్వాలు మడిచి దాని మీద పడేసి, పక్క బెజ్జానికి పోయాడు. తేలు కుట్టిన దొంగలా ఆ తర్వాత గుక్క తిప్పుకోకుండా పనిచేశాడు.

పట్టీలన్నీ అయ్యాక అసలు పూత మొదలైంది. డబ్బాలో రబ్బరు గేదె పెరుగంత చిక్కగా, తెల్లగా ఉంది. రోలరు ముంచి లాగితే చారికలు లేకుండా పరుచుకుంటోంది. ఎవరి డబ్బా వాళ్ళు తీసుకున్నారు. డ్రైవరు ఏమీ అనకుండా ముందుకు పోయాడు. కండక్టరు వెనక మొదలుపెట్టాడు. అనుకునేదేముంది, బస్సులో ముందు భాగం ఎప్పుడూ ఆయనది, వెనక తలుపు ఎప్పుడూ ఈయనది. ఒకరు బ్రేకు చూసుకుంటే ఒకరు మెట్టు చూసుకున్న మనుషులు.

నడ్డి వంచిన మనిషికి రోలరు తప్ప ఇంకేం కనపడదు. వీపుకు వీపు తగిలాక ఇద్దరూ లేచి నిలబడ్డారు. ముందూ తెల్లగా మెరుస్తోంది, వెనకా తెల్లగా మెరుస్తోంది. మధ్యలో చాపంత పొడి రేకు. నిచ్చెన అంత దూరంలో, తడి పూతకు అవతల.

"బావా," అన్నాడు డ్రైవరు.

"ఊఁ."

"నిచ్చెన దగ్గర మొదలుపెట్టావేం?"

"నా తలుపు అదేగా."

"తలుపేంటి నీ మొహం. దిగేదెట్టా?"

"నువ్వయినా ముందుకు పోతూ చెప్పొచ్చుగా."

"ఇన్నేళ్ళ సర్వీసులో నేను ముందుకు పోతున్నానని నీకెప్పుడైనా చెప్పానా?"

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు. పూత కాలికి అంటనంతగా ఆరేదాకా కూర్చోవడమే. కండక్టరు తువ్వాలు మీదే కూర్చున్నాడు. ఇంకెక్కడా చోటు లేదు కూడా.

అంతలో గేటు చప్పుడైంది. కండక్టరు భార్య నీళ్ళ బిందెతో వచ్చి, తలెత్తి చూసి, చూపుడు వేలు ముక్కు మీద పెట్టుకుంది.

"ఇదేం చోద్యం. ఊరి జనాన్నందర్నీ వేళకు దింపారు, మీరు దిగడం చేతకాలేదా?"

"నవ్వింది చాల్లేవే, నీళ్ళు లోపల పెట్టు," అన్నాడు అన్న.

ఆమె నవ్వుకుంటూ బస్సులోకి పోయింది. ఎండ ఇంకాస్త చురుక్కుమంది. మబ్బు అంచు ముందుకు జరిగిందో లేదో తెలియడం లేదు. డ్రైవరు అరచేతులకు అంటిన రబ్బరును పొరలు పొరలుగా ఊడదీస్తూ కూర్చున్నాడు. తువ్వాలు కింద బెజ్జం అంచు గుచ్చుకుంటుంటే కండక్టరు ఒకసారి కదిలాడు. ఆ కదలడంలో తువ్వాలు పక్కకు తొలగింది. ఆయన చూసుకోలేదు.

"బావా, ఓ మాట అడుగుతా," అన్నాడు చివరికి. "మా ఇల్లు నీకేం లోటు? నీ చెల్లెలు నిన్ను నెత్తిన పెట్టుకుంటుంది."

"పెట్టుకుంటుంది. నాకు తెలీదా?"

"మరి?"

డ్రైవరు వేళ్ళ మధ్య రబ్బరు ముక్కను ఉండచేశాడు.

"మా ఆవిడ పోయాక అందరూ నన్ను రమ్మనేవాళ్ళే బావా. నువ్వు రమ్మంటావు, షెడ్డు మేస్త్రీ రమ్మంటాడు, పెళ్ళికి రమ్మంటారు, భోజనానికి రమ్మంటారు. నీ దగ్గరికి వస్తానన్నవాడు ఒక్కడు లేడు. వస్తే కూర్చోబెట్టడానికి నాకో చోటు లేదనుకో. మనిషన్నాక ఒక గుమ్మం ఉండాలి. ఎవరో ఒకరు వచ్చి చెప్పులు విడవాలి." ఉండను విసిరేశాడు. "చిన్నప్పుడు అమ్మ పొలం నుంచి రాకముందే చెల్లికి ఆకలేసేది. నేనే వండిపెట్టేవాణ్ణి. అన్నయ్యా ఆకలి అని వచ్చి కూర్చునేది. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు నేను పోతే అదే వడ్డిస్తుంది, నేను తింటాను. చుట్టంలా."

కండక్టరు మోకాళ్ళ వంక చూసుకున్నాడు. అంతలో కాళ్ళ కిందనుంచి గొంతు వినపడింది.

"ఏవండీ."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఆ చిల్లు మూసెయ్యండి."

డ్రైవరు బావ మొహం చూశాడు, బావ తొడ పక్కనున్న బెజ్జం చూశాడు. వంగి దాంట్లోకి తొంగి చూశాడు. కింద మంచం మీంచి చెల్లెలి కన్ను ఒకటి పైకి చూస్తోంది.

"ఏ చిల్లే?"

"అదే, మీ బావగారు కూర్చున్నది," అంది.  "నేనే వదిలెయ్యమన్నాను. ఆయన్నేమీ అనకు."

కండక్టరు చెవులు ఎర్రబడ్డాయి. డ్రైవరుకు ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది. అలా నవ్వగా నవ్వగా కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

"బావా, నువ్వు దొంగపనికి కూడా నిజాయితీగా కాపలా కూర్చున్నావు," అన్నాడు.

కండక్టరు బెజ్జం చుట్టూ తువ్వాలుతో తుడిచాడు. రబ్బరు అద్ది, పట్టీ వేసి, బొటనవేలితో అంచులన్నీ నొక్కాడు. మిగతావాటికి ఒక పట్టీ వేశాడు. దానికి రెండు వేశాడు. కింద మంచం మీద పడ్డ వెలుగు చుక్క పోయి ఉంటుంది. ఆమె లేచిన చప్పుడు వినపడింది.

వెనక వైపు పూత వేలికి అంటకుండా ఆరాక, మధ్య ముక్క కూడా పూస్తూ ఈసారి ఇద్దరూ ఒకే వైపు, నిచ్చెన వైపు, వెనక్కి వెనక్కి నడిచి దిగారు. ఎండ ఇంకా ఉంది. దాని పని అది చేసింది.

పొద్దు వాలేవేళకు వాన అందుకుంది. కుండపోత వాన. ఒట్టి రేకయితే చెవులు గింగుర్లెత్తేవి. రబ్బరు మీద మెత్తగా, ఎవరో దూరంగా ధాన్యం పోస్తున్నట్టు పడుతోంది. ముగ్గురూ లోపలే ఉన్నారు. చెల్లెలు చాలాసేపు తలెత్తి మంచం పైన రేకు వంకే చూసింది. అరచెయ్యి చాపి పరుపు మీద తడిమింది. పొడిగా ఉంది.

ఆమె లేచి పొయ్యి గట్టు వైపు రెండడుగులు వేసింది. అలవాటు. అక్కడ అన్న బియ్యం కడుగుతున్నాడు. ఆమె ఆగింది. కొంగు నడుముకు దోపబోయి, మళ్ళీ వదిలేసి, వెనక్కి వచ్చి మొగుడి పక్కన నేల మీద కూర్చుంది.

"అన్నయ్యా," అంది. "ఆకలేస్తోంది."

డ్రైవరు వెనక్కి తిరగలేదు. గిన్నె మీద మూత పెట్టి, మంట పెంచాడు.

అన్నం కాస్త మెత్తబడింది. కూరలో ఉప్పు ఎక్కువైంది. ఆయనే వడ్డించాడు, ముందు చెల్లెలికి, తర్వాత బావకు, చివర తనకు. ఆమె కంచం ఖాళీ అయినప్పుడల్లా అడగకుండా గరిటె చాపాడు. ఆమె వద్దనలేదు.