ఎనిమిదో అంతస్తులో షుగర్ క్లాసు

సరితకు షుగర్ ఉందని చెప్పడానికి దవాఖానలో డాక్టరుకు రెండు నిమిషాలు పట్టింది. చీటీ రాయడం, తర్వాతి పేరు పిలవడం కూడా అందులోనే అయిపోయాయి. ఆయన చెడ్డవాడేం కాదు. బయట వరసలో ఇంకా అరవై మంది నిలబడి ఉన్నారు. "చిన్న గోలీ తినే ముందు, పెద్ద గోలీ తిన్నంక. తీపి బంద్ చెయ్యి. మూడు నెలలకు మళ్ళా రక్త పరీక్ష" అన్నాడు. అంతే.

సరిత పన్నెండేళ్ళ కిందట వనపర్తి వైపు నుంచి వచ్చి నానక్‌రామ్‌గూడలో కిరాయికి ఉంటున్న మనిషి. భర్త అనిల్ క్యాబ్ నడుపుతాడు. ఆమె ఓ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ భవనంలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. జీతమిచ్చేది మాత్రం కంపెనీ కాదు, కాంట్రాక్టరు. ఉదయం ఆరున్నరకు డ్యూటీ. ఐదున్నరకే చిన్న గోలీ మింగి ఇల్లు కదిలేది. బాత్రూములన్నీ కడిగి, డబ్బా తెరిచేసరికి పదిన్నర దాటేది.

తొమ్మిదవుతుంటే ఆమెకు చేతులు వణికేవి. ఒళ్ళంతా చెమటలు పట్టేవి, గుండె దడదడలాడేది. షుగర్ పెరిగిపోతోందనుకుని భయపడి పొద్దుటి చాయ్ కూడా మానేసింది. రెండుసార్లు, దడ తగ్గుతుందేమోనని, చిన్న గోలీ ఇంకో సగం వేసుకుంది. రెండోసారి ఆరో అంతస్తు మెట్ల మీద కూలబడింది. తోటి పనిమనిషి ఎవరో బలవంతాన తియ్యటి చాయ్ తాగించాక లేచి కూర్చుంది. ఆ చాయే తనను లేపిందని సరితకు తట్టలేదు. తీపి తాగానే అని రోజంతా బెంగపడింది. సూపర్‌వైజరు వచ్చి, "నిద్ర చాలకుంటే ఇంట్ల పండుకోరాదు?" అన్నాడు.

ఆ నెలలోనే కంపెనీ తన ఉద్యోగులకు రక్త పరీక్షలు చేయించింది. ఇరవై ఇద్దరికి కొత్తగా షుగర్ బయటపడింది. వాళ్ళ కోసం ఆరు గురువారాలు, పదకొండింటికి, ఎనిమిదో అంతస్తు ట్రైనింగ్ హాల్లో క్లాసులు పెట్టారు. జబ్బుతో ఎలా బతకాలో నేర్పడానికి నీహారిక అనే అమ్మాయిని పిలిపించారు. నీళ్ళ సీసాలు పెట్టడం, క్లాసయ్యాక హాలు ఊడవడం సరిత పని.

మొదటి గురువారం ఇరవై ఇద్దరూ వచ్చారు. సగం మంది ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. తెర మీద ఓట్స్, ఆలివ్ నూనె, సరిత ఎన్నడూ చూడని ఆకుపచ్చ పండొకటి. "గివి కొనుక్కొని తినేటోళ్ళకు షుగర్ ఎట్లొచ్చెనో" అనుకుందామె. రెండో గురువారం పద్నాలుగు మంది వచ్చారు. మూడో వారానికి ఏడుగురు మిగిలారు. వాళ్ళలో వెంకట్ అనే అతను వాచీ చూసుకుంటూ, "ఇదంతా యూట్యూబ్‌లో ఉందండి. మాకు డెలివరీ డేట్లున్నాయి" అన్నాడు.

నీహారిక మొహం చిన్నబుచ్చుకుంది గానీ చెప్పడం ఆపలేదు. "చెమటలు, చేతుల వణుకు, దడ, ఉన్నట్టుండి ఆకలి. ఇవన్నీ షుగర్ బాగా పడిపోయినప్పుడు వచ్చేవండి. మాత్ర వేసుకుని తినకుండా ఉండిపోతే ఇలా అవుతుంది. అప్పుడు వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగేయాలి. అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికొస్తుంది."

తలుపు అద్దం తుడుస్తున్న సరిత చెయ్యి ఆగిపోయింది.

"మేడం, వణికేది పెరిగినప్పుడు కాదా?"

ఏడు తలలూ వెనక్కి తిరిగాయి. అడిగాక గానీ తాను గట్టిగా అడిగానని ఆమెకు తెలియలేదు.

"కాదండీ. మీకూ షుగరుందా? వణుకు వస్తోందా?"

"పొద్దుగాల రోజూ వస్తది. ఎక్కువైందేమోనని ఇంకో సగం గోలీ ఏసుకున్న రెండుసార్లు."

నీహారిక చేతిలోని రిమోట్ బల్ల మీద పెట్టేసింది. గబగబా వచ్చి ఓ కుర్చీ లాగి, "ముందిలా కూర్చోండి" అంది. ఏ గోలీ, ఎప్పుడు వేసుకుంటోంది, ఎన్నింటికి తింటోంది, ఒక్కొక్కటే అడిగింది. "ఆ చిన్న మాత్ర అన్నం ముందు కూర్చున్నాకే వేసుకోవాలండి. పదిన్నరకు తినేటట్టయితే పదిన్నరకే. మీ డ్యూటీ టైములు డాక్టరుగారికి చెప్పండి, ఆయనే సర్దుతారు. జేబులో ఎప్పుడూ పంచదార పొట్లం ఉంచుకోండి. ఇంకెప్పుడూ సొంతంగా మాత్ర ఎక్కువ వేసుకోకండి."

అప్పటిదాకా సరిత చావును విరుగుడనుకుని మింగుతోంది. అది చెప్పడానికి పట్టింది మూడు నిమిషాలు. ఈ మూడు నిమిషాల మాట రెండు నెలలుగా తనకెవరూ ఎందుకు చెప్పలేదు?

సరిగ్గా అప్పుడే అవినాష్ లోపలికొచ్చాడు. ఈ కార్యక్రమాలు చూసే హెచ్ఆర్ మేనేజరు. కుర్చీలో యూనిఫాంతో ఉన్న మనిషిని చూసి, గొంతు తగ్గించి, "నీహారికా, కాంట్రాక్టు స్టాఫ్‌కి ఇది లేదండి" అన్నాడు.

"పదిహేను కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కదండీ."

"కుర్చీల గురించి కాదు. పాలసీ. రేపు ఇంకో పదిమంది వచ్చి కూర్చుంటే నేనేం సమాధానం చెప్పాలి?"

సరిత లేచింది. తుడిచే గుడ్డ తీసుకుని బయటికి నడిచింది. చెవులు మండిపోయాయి. దొంగతనం చేసి పట్టుబడినట్టు ఎందుకు నడుస్తున్నానని తననే తిట్టుకుంది.

తర్వాతి మూడు గురువారాలూ పదకొండింటికి ఆ హాలు అద్దాలు తుడవాల్సిన పని ఎలాగో ఆమెకు పడింది. ఆ భవనంలో అంత శుభ్రమైన అద్దాలు ఇంకెక్కడా లేవు. నీహారిక గొంతు పెంచింది, ఇంగ్లీషు తగ్గించింది. ఓట్స్ పోయి జొన్నరొట్టె వచ్చింది. జొన్నరొట్టెలో షుగర్ లేదని ఐదేసి తినకూడదని, రెండు తిని పక్కన పప్పు, సగం కంచం కూర పెట్టుకోవాలని, తిన్నాక పదిహేను నిమిషాలు నడవాలని, పడుకునే ముందు పాదాలు తిప్పి చూసుకోవాలని సరిత అద్దం పక్కనుంచే విన్నది. ఆఖరి క్లాసుకు లోపల నలుగురే మిగిలారు.

మూడు నెలల పరీక్షలో సరిత షుగర్ సగటు పది పాయింట్ నాలుగు నుంచి ఏడు పాయింట్ మూడుకు దిగింది. డాక్టరు కాగితం రెండుసార్లు చూసి, "ఏం చేసినవమ్మా?" అని అడిగాడు.

ఆ వారమే తొమ్మిదో అంతస్తు మీటింగ్ రూముకు ఆమె చాయ్ తీసుకెళ్ళింది. అవినాష్, అతని పై అధికారి యశస్విని, నీహారిక కూర్చున్నారు. గోడ మీద తెరలో ఉద్యోగుల పరీక్షల గీతలు.

"ఇరవై రెండు మందిలో పదహారు మందికి ఏ మార్పూ లేదు" అంటున్నాడు అవినాష్. "హాజరు ఆఖరుకి నాలుగు. కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళకి ఈ కోర్సుల వల్ల పెద్ద ఉపయోగం లేదని నా అభిప్రాయం మేడం. దీని బదులు ఫోన్‌లో యాప్ పెడదాం. అడుగులు లెక్కేస్తుంది, గిఫ్ట్ కూపన్లిస్తుంది."

"ఆఖరుదాకా వచ్చిన నలుగురికీ బాగా తగ్గిందండి" అంది నీహారిక. "వాళ్ళ గీతలు చూడండి."

"నలుగురి కోసం కోర్సు నడపలేం కదా."

సరిత చేతిలో ట్రే గలగలలాడింది. ఈసారి అది షుగర్ వణుకు కాదని ఆమెకు తెలుసు.

"సార్, క్లాసుకు రానోళ్ళ రిపోర్టులు చూసి, మేడం చెప్పింది పనికిరాదంటరా?"

అవినాష్ ఉలిక్కిపడ్డాడు. "సరితా, చాయ్ పెట్టి వెళ్ళు."

"పోత సార్. జర ఒక్క మాట ఇనుండ్రి. లోపల కూసున్నోళ్ళు ఫోన్లు చూసుకున్నరు. నేను బయట నిలవడి విన్న. నాకు పదిన్నర ఉండె, ఇగో, ఏడున్నర కంటె తక్కువకొచ్చింది." యూనిఫాం జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "నేను తప్పు గోలీలు మింగి మెట్ల మీద పడ్డ. ఆ మేడం చెప్పకుంటే ఇయ్యాల చాయ్ తెచ్చేటందుకు ఉండకపోదును. మీరు నన్ను కుర్చీలకెల్లి లేపిండ్రు. లేపితే లేపిండ్రు, మా పనోళ్ళకు వద్దన్నరు. ఇప్పుడు మీకే పనికిరాదంటున్నరు. మరి ఎవలికి పనికొస్తదో వాళ్ళను రానియ్యకపోతిరి!"

యశస్విని కాగితం చేతిలోకి తీసుకుని చదివింది. "మీకేం కావాలి?" అని అడిగింది.

"నాకేం వద్దు మేడం. నాకు తెలిసింది. కింద సెక్యూరిటోళ్ళు, డ్రైవర్లు, మా పనోళ్ళు ఉన్నరు. వాళ్ళకు చెప్పుండ్రి."

"చూద్దాం" అని కాగితం తిరిగిచ్చేసింది యశస్విని. నాలుగు రోజులైనా ఏ కబురూ రాలేదు. యాప్ మాత్రం వచ్చేసింది. కాంట్రాక్టరు మనిషి వచ్చి, ఇంకోసారి మీటింగులో నోరు తెరిస్తే గేటు బయటుంటావన్నాడు.

ఐదో రోజు అవినాష్ స్వయంగా పాంట్రీకి వచ్చాడు. చేతిలో ఫోను, మొహంలో కొత్త మర్యాద. "సరితగారూ, మీ కథ మా కంపెనీ పత్రికలో వేస్తామండి. మా ప్రోగ్రాం వల్ల మీ షుగర్ ఎలా తగ్గిందో. చిన్న ఫోటో తీసుకుందామా? ట్రైనింగ్ హాల్లో, ముందు వరసలో కూర్చున్నట్టు."

సరిత అతని మొహంలోకి చూసింది.

"లేపిన కుర్చీల కూసోని ఫోటో దిగాల్నా సార్? మీరు నేర్పినట్టు రాసుకుంటరా? నేనియ్యను. కింద మావోళ్ళకు క్లాస్ పెట్టుండ్రి, డ్యూటీ టైంల, తెలుగుల. పెట్టినంక అడుగుండ్రి ఫోటో."

అవినాష్ అటూ ఇటూ చూశాడు. పైవాళ్ళకు ఫోటో ఇస్తానని అప్పటికే మాటిచ్చాడు కాబోలు. "ఒక్కటి. ఒక్క క్లాసు పెట్టిస్తా. ముప్పై నిమిషాలు" అన్నాడు. రోజు ఖరారైందో లేదో ఫోను చేసి కనుక్కోమని తన నంబరిచ్చాడు.

బేస్‌మెంట్‌లో డ్రైవర్లు కూర్చునే గదిలో పెట్టారా క్లాసు. ముప్పై ఒక్క మంది వచ్చారు. నిలబడ్డవాళ్ళే ఎక్కువ, ఫోను చూసినవాడు లేడు. నీహారిక పాదాల గురించి మొదలుపెట్టగానే గేటు దగ్గర కాపలా ఉండే యాదయ్య నెమ్మదిగా చెయ్యెత్తాడు. యాభై దాటిన మనిషి.

"నాకు రెండేండ్ల సంది షుగర్ ఉన్నది బిడ్డా. కాలుకు చిన్న పుండయ్యింది. నొప్పేం లేదు, అందుకే ఊకున్న."

"బూటు విప్పండి చూద్దాం."

సాక్స్ చర్మానికి అంటుకుపోయి ఉంది. తడిపి తీసేసరికి బొటనవేలి కింద నల్లబడ్డ గుంట కనిపించింది. ముందు వరసలో ఒకామె మొహం తిప్పుకుంది. నీహారిక గొంతు మారింది. "నొప్పి లేకపోవడమే ప్రమాదమండి. ఇప్పుడే ఆస్పత్రికి వెళ్ళాలి, ఈ నిమిషమే."

తలుపు దగ్గరున్న సెక్యూరిటీ సూపర్‌వైజరు, "గేటు కాడ ఇంకో మనిషి లేడు మేడం. ఎనిమిదికి డ్యూటీ దిగినంక పోతడు" అన్నాడు.

"నువ్వు నిలవడు గేటు కాడ!" సరిత అరుపుకు గదంతా అదిరింది. "ఆయన కాలు నువ్విస్తవా? బూట్లు విప్పద్దని, కూసోవద్దని పన్నెండు గంటలు నిలవెట్టింది నువ్వే కదా!"

సూపర్‌వైజరు ఇంకేదో అనబోయి, ముప్పై మంది తనవైపే చూస్తున్నారని గమనించి తలుపు దగ్గర నుంచి తప్పుకున్నాడు. సరిత అనిల్‌కు ఫోను చేసింది. పావుగంటలో క్యాబ్ వచ్చింది.

దవాఖానలో పుండు కడిగి, చెడిన చర్మం తీసి కట్టు కట్టారు. పది రోజులు కాలు కింద పెట్టొద్దన్నారు. ఇంకో వారం ఆగి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదని డాక్టరు చెప్పాడు. యాదయ్య భార్య బాలమ్మ పరుగున వచ్చి, కట్టు చూసి, బెంచీ మీద సరిత పక్కన కూలబడింది.

"కాళ్ళు చూసుకోవాల్నని మాకేం తెలుసు బిడ్డా? షుగరొచ్చిన నాడే ఎవలన్న చెప్తే చూసుకోకపోదుమా?"

సరిత ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత వరండాలోకి వెళ్ళి అవినాష్‌కు ఫోను చేసింది.

"సరితగారా? క్లాసు అయిపోయిందట కదా. ఫోటో రేపు..."

"ఒక్క క్లాస్‌తోని కాదు సార్. మీవోళ్ళకు పెట్టినట్టు ఆరు పెట్టాలె. ఆయన వేలు పోవుడు జరంతల తప్పింది, ఎరికేనా మీకు?"

"నేను పైన మాట్లాడి చూస్తానండి."

"చూసుడు కాదు సార్" అంది సరిత. వరండాలో నిలబడ్డవాళ్ళు తిరిగి చూసినా గొంతు తగ్గించలేదు. "వచ్చే గురువారం ఏ గదిల పెడ్తరో ఇప్పుడే చెప్పుండ్రి."