మా బావ తప్పయితే చాలు

"ఓడ వెనక్కి తిప్పు మరదలా! లేకపోతే మీ అక్కని చేతులారా చంపుకున్నదానివవుతావు."

మా బావ చేతిలో పెద్ద స్పానర్ ఉంది. నన్ను కొట్టడానికి తెచ్చింది కాదు. పని మధ్యలో పరిగెత్తుకొచ్చి, దాన్ని కింద పెట్టడం మరిచిపోయాడు. ఓడ నడిపే గదిలో అప్పుడు ముగ్గురం ఉన్నాం: కెప్టెన్‌ని నేను, చీఫ్ ఇంజనీర్ మా బావ, చుక్కాని పట్టుకున్న గుండాయన.

కింద కేబిన్‌లో మా అక్క పడుకుని ఉంది. ఓడ వంటశాల ఆమెదే. పొద్దున పొయ్యి ముందే కడుపు పట్టుకుని కూలిపోయింది. అపెండిక్స్ అని డాక్టరు ఫోన్‌లో తేల్చేశాడు. "మందులతో నాలుగు రోజులు ఆపొచ్చు. ఆలోపు ఆపరేషన్ జరగాలి. అయిదో రోజుకి నేను హామీ ఇవ్వలేను."

మేమున్నది దక్షిణ సముద్రం నడిమధ్యన. బయల్దేరిన రేవు వెనక, చేరాల్సిన రేవు ముందు. పూర్తి వేగంతో పోతే నాలుగు రోజుల లోపే ముందున్న నేల దొరుకుతుందని నా లెక్క.

కానీ మా బావకి భూమి బల్లపరుపు. ఇంజను విప్పితే ఒక్క నట్టు కూడా తేడా రాకుండా బిగించే మనిషే, భూమి దగ్గరికి వచ్చేసరికి మాత్రం తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు. అతని పటంలో భూమి ఒక పళ్ళెం. ఉత్తరం మధ్యలో ఉంటుంది, దక్షిణమంతా అంచు చుట్టూ సాగి ఉంటుంది, అంచున మంచు గోడ. ఇన్నేళ్ళూ ఉత్తరాది సముద్రాల్లోనే తిరిగాడు కాబట్టి ఆ పటంతో పేచీ రాలేదు. దక్షిణాన దాటడం ఇదే మొదటిసారి. అతని పటం ప్రకారం ముందున్న రేవు నేను చెప్పే దూరానికి మూడింతలు. ఇంజనుకి పోయడానికి మా దగ్గరున్న నూనె, పూర్తి వేగంతో పోతే, అయిదు రోజులకి సరి.

"రేవు తూర్పున ఉంటే ఓడని దక్షిణానికి తిప్పావేం?" అని గద్దించాడు. "గోడకి గుద్దుతావా?"

"దగ్గర దారి అదే బావా." నేను బల్ల మీంచి దారం తీశాను. "గుండన్నా, కదలకు."

"ఓడ పక్కకి పోతే నన్నడక్కండి మేడమ్," అన్నాడాయన.

ఆయన నడినెత్తి దక్షిణ ధ్రువం అన్నాను. ఒక చెవి పైనుంచి నుదుటి చుట్టూ తిప్పి, రెండో చెవి పైదాకా దారం పట్టాను. తర్వాత బిగించి లాగాను. దారం నెత్తి మీదికి ఎక్కింది, ఇటు బెత్తెడు మిగిలింది. ధ్రువం వైపు వంగితేనే దారి తక్కువ.

"ఈయన గుండు గుండ్రమే. ఒప్పుకుంటా," అన్నాడు బావ. "భూమి సంగతి చెప్పు!" విసురుగా దిగిపోయాడు.

కాసేపటికి నా కాళ్ళ కింద ఇంజను చప్పుడు తగ్గింది. నూనె మిగల్చడానికి సగం వేగానికి దించేశాడు. నేను మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తాను. బావ అక్క పక్కన కూర్చుని ఉన్నాడు. అక్క మొహం సుద్దలా పాలిపోయింది.

"మీ ఇద్దరి పోట్లాటకి నా కడుపే దొరికిందా?" అంది.

"బావా, ఒక్కటి చెప్పు. వెనక్కి తిప్పితే ఎన్ని రోజులు?"

"అయిదు రోజుల్లో లాగేస్తా."

"గాలికి ఎదురు. ఇంటెత్తు అలలు. ప్రొపెల్లర్ సగంసేపు నీళ్ళ పైన తిరుగుతుంది. ఇంజను మీద ఒట్టేసి చెప్పు."

ఇంజను గురించి మా బావ అబద్ధమాడలేడు. "వారం," అన్నాడు.

"వారమైతే అక్క ఉండదు. ముందుకి పోతే, నేను తప్పయితే నడిసముద్రంలో ఆగిపోతాం. నువ్వు తప్పయితే అక్క బతుకుతుంది."

బావ అక్క చెయ్యి పట్టుకున్నాడు. "ఏమే, నేను తప్పయితేనే బాగుంటుంది కదూ?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నా కోరిక అదేనండీ," అంది అక్క.

బావ లేచాడు. "నీ శాటిలైట్ డబ్బాల్ని నేను నమ్మను. ప్రొపెల్లర్‌ని తిప్పే నా షాఫ్టు ఒక్కసారి తిరిగితే ఓడ ఎంత జరుగుతుందో నాకు తెలుసు. తిరుగుళ్ళు లెక్కపెడతా. నేల ఎన్ని మైళ్ళు?"

"పధ్నాలుగు వందలు."

"నా పటంలో నాలుగు వేల పైమాటే." తల విదిలించి ఇంజను గదిలోకి దిగాడు. క్షణంలో ఓడ మొత్తం వణికింది. పూర్తి వేగం! ఇక వెనక్కి పోయే దారి లేదు.

రెండో రోజు మధ్యాహ్నం మేడంత మంచుగడ్డ ఎదురొచ్చింది. బావ పైకొచ్చి చూశాడు. "ఇదేనా గోడ?"

"పక్కనుంచి పోదాం. చూద్దువుగాని."

పక్కనుంచి పోయాం. దాని వెనకా సముద్రమే. బావ ఇంజను గదికి దిగిపోయాడు.

మూడో రోజు ఒక సిలిండర్ కాగిపోయింది. రూలు ప్రకారం వేగం తగ్గించాలి. ఫోన్ చేసి, "తగ్గిద్దామా బావా?" అన్నాను.

"నువ్వు దారి చూసుకో. ఈ ఇంజను నా పిల్ల, దీన్ని నేను చూసుకుంటా." ఆ సిలిండర్‌కి నూనె తగ్గించి, భారాన్ని మిగతావాటి మీదికి పంచాడు. దాని పక్కనే నిలబడి కాపలా కాశాడు. అన్నం అక్కడే, కునుకు అక్కడే. నేను ఎందరో ఇంజనీర్లతో పనిచేశాను. ఇలాంటివాణ్ణి చూడలేదు.

నాలుగో రోజు పొద్దున దట్టంగా పొగమంచు కమ్మింది. రేవులో హెలికాప్టర్ సిద్ధంగా ఉంది, కానీ మంచు విడిస్తేగాని లేవదన్నారు. అక్కకి జ్వరం పెరుగుతోంది. ఫోన్ మోగింది.

"పధ్నాలుగు వందలూ అయిపోయాయి. నేలేదీ?"

నా తెర మీద ఇంకా కొంత దూరం చూపిస్తోంది. ఆ మాటంటే నమ్మడు.

అప్పుడు బావే అన్నాడు: "కంగారు పడకు. అలల్లో ప్రొపెల్లర్ జారుతుంది. తిరిగినంతా నడిచినట్టు కాదు. ఇంకో అరవై మైళ్ళు నీ ఖాతాలో వేస్తున్నా. ఎట్లాగైనా నువ్వే గెలవాలి, అర్థమైందా?"

అతనిచ్చిన అరవై అయిపోకముందే మంచు పలచబడింది. "మేడమ్!" అని కేకేశాడు గుండాయన. నీటి గీత మీద నల్లగా చిన్న మొన. బావని పైకి పిలిచాను. మసి మొహంతో వచ్చి అద్దానికి ఆనుకుని నిలబడ్డాడు. కొండ కొన ముందు వచ్చింది. తర్వాత భుజాలు, తర్వాత నడుము. పాదాలు మాత్రం ఇంకా నీటి అడుగునే ఉన్నట్టున్నాయి.

"కిందనుంచి లేస్తోంది," అన్నాడు బావ. తల మీద హెలికాప్టర్ మోత మొదలైంది.

ఆపరేషన్ గది బయటికి సర్జన్ వచ్చి, గండం గడిచిందని చెప్పాడు. "ఇంకొక్క పూట ఆలస్యమైతే కష్టమయ్యేది. అంత దూరం నుంచి ఇంత త్వరగా ఎలా తెచ్చారు?"

బావ ఛాతీ విరుచుకుని నన్ను ముందుకు తోశాడు. "ఈవిడ కెప్టెన్. మా మరదలు. దక్షిణ సముద్రానికి అడ్డదారి తెలిసిన మనిషి."

నాకు కళ్ళు చెమర్చాయి. అతను అక్కడితో ఆగితే మా బావ ఎందుకవుతాడు? సర్జన్ భుజం మీద చెయ్యేసి, వరండా అంతా వినపడేలా మొదలుపెట్టాడు.

"భూమి గుండ్రం డాక్టర్‌గారూ. నేనే స్వయంగా, నా ఇంజనుతో కొలిచాను. ఎవరికైనా అనుమానముంటే నా దగ్గరికి పంపండి."