పల్లకి మోసినవాళ్ళు

ఓబులమ్మ నేల తరగతి మూడో వరుస దాకా ఊడ్చుకొచ్చేసరికి రేకుల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా లోపలికి దిగింది. చీపురు కదిలినప్పుడల్లా ఆ చారల్లో దుమ్ము లేచి, కాసేపు నిలబడి, మళ్ళీ నేలమీదికే వాలుతోంది. వేరుశనగ బుడ్డల పొట్టు, బీడీ ముక్కలు, నమిలి ఊసిన చెరుకు పిప్పి. ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుని, సగానికి వంగి, తెర దగ్గర మొదలుపెట్టి తలుపుల వైపుకు ఊడ్చుకుపోవడం ఆమె పద్ధతి. నంద్యాలలో ఆ సినిమా హాలుకు వచ్చి పదిహేడేళ్ళయింది. అన్నేళ్ళూ తెరకు వీపు పెట్టే ఊడ్చింది.

సన్నటి మనిషి. మోచేతుల దగ్గర చర్మం తుమ్మ బెరడులా పగిలి ఉంటుంది. కుడి ముంజేతి మీది పచ్చబొట్టు ఏ బొమ్మో ఇప్పుడు ఎవరికీ తెలియదు, అలుక్కుపోయి మరకలా మిగిలింది. నలభై దాటి ఎన్నో ఏళ్ళు కాలేదు గాని హాలుకు వచ్చే ఆడవాళ్ళంతా అవ్వా అనే పిలుస్తారు. కాలివేళ్ళు ఎడంగా విచ్చుకుని ఉంటాయి. నల్లమలలో రాళ్ళమీద నడిచి పెరిగిన కాళ్ళు అవి.

ఆ నెల హాలుకు పండగ. ఇరవై అయిదేళ్ళ కిందట అదే చోట డేరా వేసి మూగ బొమ్మలు ఆడించిన హాలు సావుకారి, ఆ గుర్తుగా నెల పొడుగునా రోజుకొక పాత సినిమా వేయిస్తున్నాడు. గుమ్మానికి మామిడాకులు కట్టారు. మూగ సినిమాలు, మొదట్లో మాటలు వచ్చిన సినిమాలు, ఎవరికీ అర్థంకాని భాషలో బెంగాలు నుంచి వచ్చినవి కూడా. కోయిలకుంట్ల నుంచి, వెలుగోడు నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చి, తాము పడుచువాళ్ళుగా ఉన్నప్పుడు చూసిన బొమ్మల్ని మళ్ళీ చూసి, ముక్కు చీదుకుంటూ బయటికి పోతున్నారు.

ఏ రోజు ఏది ఆడేదీ గోడమీద రంగుతో రాయించారు. ఓబులమ్మకు చదువు రాదు. ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చించే కృపావతి మిషన్ బడిలో అయిదు చదివింది. పండగ మొదలైన రోజు ఆ గోడ ముందు నిలబడి, వేలు పెట్టి చదువుకుంటూ పోయి, ఒకచోట ఆగింది.

"పందొమ్మిదో దినం, ఓబులక్కా. పల్లకి సినిమా, పల్లకి సినిమా అంటాంటివే, అదొస్తాది."

ఓబులమ్మ చేతిలో చీపురు ఉంది. దాన్ని గోడకు ఆనించి, మళ్ళీ తీసుకుంది.

ఈ రోజు పందొమ్మిదోది.

*

అహోబిలం పైన గూడెం ఆమెది. పెళ్ళయిన ఏడాదికి మద్రాసు నుంచి సినిమావాళ్ళు వచ్చి దిగువ అహోబిలంలో ఇరవై రోజులు దిగారు. రాజకుమార్తెను అడవిలో పల్లకి మీద తీసుకుపోయే ఘట్టం ఒకటి ఉందట. పల్లకి మోయడానికి గూడెంలో ఎనిమిదిమందిని ఏరుకున్నారు. అందులో ఆమె మొగుడు దాసరయ్య ఒకడు, బావ నాగయ్య ఒకడు. ఎనిమిదిమందికీ ఒకే రంగు తలగుడ్డలు చుట్టి, మొహాలకు ఏదో పిండి పూసి, భవనాశి వాగులో పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా అటూ ఇటూ దాటించారు. పల్లకిలో రాజకుమార్తె లేదు, ఒక బండరాయి పెట్టారు. ఆ సంగతి దాసరయ్య ఇంటికొచ్చి చెప్పి చెప్పి నవ్వాడు. పిండి చెమటకు కారి మెడమీద చారలు కట్టింది. ఆ చారలు ఓబులమ్మకు ఇప్పటికీ గుర్తు. మెడ గుర్తుంది. మెడ పైన గుర్తులేదు.

మరుసటేడు వేసవిలో తేనె కొయ్యడానికి కొండ అంచు నుంచి తాడు పట్టుకుని దిగి, అతను పడిపోయాడు. పైన తాడు పట్టుకున్నది ఆమె తమ్ముడే. రాతి అంచుకు ఒరుసుకుని తాడు తెగింది. మనిషి మూడో రోజుకు దొరికాడు. చూడొద్దని ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని కూర్చున్నారు. పిల్లల్లేరు. ఆ తమ్ముడు అడవి వదిలి ఎటో పోయాడు.

కొన్ని నెలలకు అహోబిలం తిరునాళ్ళకు వచ్చినవాళ్ళెవరో, మీవాళ్ళు పల్లకి మోసిన సినిమా నంద్యాలలో ఆడుతోందని చెప్పారు. ఓబులమ్మ ఆళ్ళగడ్డ మీదుగా రెండు రోజులు నడిచి వచ్చింది. ఆ సినిమా ముందురోజే తీసేశారు. హాలు ముందు కూలబడిన మనిషిని చూసి మేనేజరు గురవయ్య జాలిపడ్డాడు.

"మళ్ళా వస్తాది లేమ్మా. సినిమా అన్నాక యాడికి పోతాది? తిరిగి తిరిగి ఈడికే వస్తాది."

ఊడ్చే మనిషి కావాలన్నాడు. ఆమె ఉండిపోయింది. గురవయ్య చనిపోయి కూడా తొమ్మిదేళ్ళయింది. ఆ పల్లకి సినిమా అంత మంచిదేమీ కాదు, తిరిగి రాలేదు.

మొదట్లో కళ్ళు మూసుకుంటే దాసరయ్య వచ్చేవాడు. ఆ రావడం ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు తెలియదు. ఒకరోజు గోడకు కొత్త పోస్టరు అంటిస్తుంటే పక్కన నిలబడి చూసింది. అందులో నాయకుడి మీసం, రెండు మూడేళ్ళుగా తాను మొగుడికి పెట్టుకుని తలుచుకుంటున్న మీసం ఒకటే. తన మొగుడికి మీసం ఉండేదా? ఎంత ఆలోచించినా తేలలేదు. ఆ తర్వాత కళ్ళు మూసుకున్నప్పుడల్లా పోస్టర్ల మొహాలే ఒకదాని మీద ఒకటి వచ్చాయి. రోజంతా ఆ మొహాల మధ్యే తిరుగుతుంది మరి. అందుకే ఆ సినిమా కోసం మరింత పట్టుదలగా కాచుకుంది.

*

మధ్యాహ్నం కృపావతి వచ్చేసరికి ఓబులమ్మ తల దువ్వుకుని, ఉన్న రెండు చీరల్లో మంచిది కట్టుకుని, గేటు పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏందక్కా, అన్నం తిన్యావా?"

"తినబుద్ది కాలా." మెల్లగా అంది. "కృపమ్మా, నా మొగుడు, ఆయప్ప మొగం నాకు గుర్తులేదు. ఎవురికీ చెప్పలా. మా నాగయ్య బావను అడగల్లన్నా సిగ్గాయ. నీకే చెప్తాండా."

కృపావతి నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగింది.

"కండ్లబడితే అదే గుర్తొస్తాది. కట్టుకున్న మొగున్ని మర్చిపోతారా యాడన్నా? ఈ పొద్దు నువ్వు ఊడ్సే మనిషివి గాదు, సినిమా చూసే మనిషివి. పా, ముందు బెంచీలో కూర్చో."

ఆడవాళ్ళ వైపు మొదటి బెంచీలో, సరిగ్గా మధ్యన కూర్చోబెట్టింది. దీపాలు ఆరాయి. ఓబులమ్మ తెరను అంత ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. బొమ్మ పాతబడిపోయింది, వాన కురుస్తున్నట్టు గీతలు. రాజు, రాణి, పాటలు. ఆమెకు కథ పట్టలేదు. రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకుని కూర్చుంది.

సగం సినిమా దాటాక చెట్లు వచ్చాయి. ఆ చెట్లు ఆమెకు తెలుసు. వాగు వచ్చింది. వాగులోకి వంగిన నల్లరాయి తెలుసు. పాటతో పాటు ఎడమ పక్క నుంచి పల్లకి వచ్చింది.

ముందున్నవాడు నాగయ్య. చూసీ చూడగానే పోల్చింది. కిందటేడు దాకా బతికి ఉన్నాడు, సంతకు వచ్చినప్పుడల్లా హాలు దగ్గరికి వచ్చి పలకరించి పోయేవాడు. అతని వెనక లింగన్న, తర్వాత కాలు కుంటుపడింది గాని అప్పుడు బాగానే నడుస్తున్నాడు. ఆ వెనక తన మేనమామ. అవతలి మోతకర్ర కింద అన్నదమ్ములు ఇద్దరు, వాళ్ళూ మొన్న మొన్నటిదాకా కనిపించినవాళ్ళే. అయిదుగురు. ముసలితనాలు ఊడదీసి చూసుకుంటే అయిదుగురూ చక్కగా తెలిశారు.

తక్కిన ముగ్గురూ తెలియలేదు.

ఒకడి మొహం సగం మోతకర్ర చాటున ఉంది. ఒకడు నీళ్ళలోకి చూసుకుంటూ తల వంచుకుని నడుస్తున్నాడు. మూడోవాడు, పడుచువాడు, వాగు మధ్యకు వచ్చేసరికి తల తిప్పి సూటిగా ఇటే చూసి నవ్వాడు. ఆమె ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. పల్లకి గట్టెక్కింది. తెరమీద మళ్ళీ రాజు కూర్చుని ఉన్నాడు.

వెనక బెంచీలో ఎవరో బుడ్డలు ఒలుస్తున్నారు. ఓబులమ్మ అలాగే కూర్చుంది. సినిమా అయిపోయి, జనం లేచి, ఆమె మోకాళ్ళను తోసుకుంటూ బయటికి పోయారు.

"చూస్తివా అక్కా?" కృపావతి ఆత్రంగా వచ్చింది. "ఎవురు? ఆ నవ్వే ఆయప్పేనా?"

"ఇంగొకసారి చూడల్ల."

సినిమా మిషను నడిపే శేషయ్య మెత్తటి మనిషి. కృపావతి మేడ మెట్లెక్కి బతిమాలితే ఒప్పుకున్నాడు. మొదటి ఆటకు ఇంకా టైముంది. ఖాళీ హాల్లో ఆ ఒక్క రీలు వేశాడు. ఓబులమ్మ ఈసారి కూర్చోలేదు, తెరకు మూడు బారల దూరంలో నిలబడింది. పల్లకి వచ్చింది. నాగయ్య వచ్చాడు. ఆ పడుచువాడు తల తిప్పాడు. నవ్వు మొదలైంది. అప్పుడే తెర ఒక్కసారి తెల్లబారిపోయింది.

"తెగింది!" పైనుంచి శేషయ్య కేక. "పాతది గదమ్మా, గుంజుకుంటే తెగుతాది. అతికించి మళ్ళా వేస్తా ఉండు."

తెల్లటి తెర వెలుగు ఓబులమ్మ మొహం మీద పడుతోంది. ఆమె కదల్లేదు. అతికించాక రీలు తిరిగింది. వాగు మధ్యలో ఉన్న పల్లకి గంతేసి గట్టుమీద తేలింది. పడుచువాడు తల తిప్పనే లేదు.

శేషయ్య దిగి వచ్చాడు. చేతిలో వేలెడంత ఫిల్ము ముక్క.

"నలిగిన కాడ బారెడు కోసేసినా, చిరగకుండా మిగిలింది ఈ ముక్కే. నాలుగు బొమ్మలుండాయి. ఎట్లా పారేసేదేగా, నువ్వు పెట్టుకో ఓబులమ్మా. ఎలుతురుకు పట్టి చూడు, మీవోళ్ళు కనపడ్తారు."

బయటికొచ్చి, దిగుతున్న ఎండకు ఎదురుగా ఆ ముక్కను పట్టుకుంది. నువ్వుగింజలంత మనుషులు. నువ్వుగింజల్లో సగమంత తలకాయలు. కృపావతి కూడా తల ఆనించి చూసింది.

"ఆ నవ్వే ఆయప్పే అనుకో అక్కా. ఎంత బాగుండాడు! ఎవురొద్దంటారు?"

"ఎవురూ అనరు." ఓబులమ్మ ముక్కను దించింది. "ఆయప్ప కాకపోతే? నా మొగుడు పక్కన తల వంచుకోని నడుస్తాంటే, నేను ఎవుని మొగమో చూసుకోని వీడే నా మొగుడనుకుంటే, మా ఆయప్పకు ఇంగెవురుండారు?"

కృపావతి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాగయ్య బావను గుర్తుపడితి కృపమ్మా. కుంటి లింగన్నను గుర్తుపడితి. ఎవురెవురో అందరినీ గుర్తుపడితి."

ఏడుస్తుందేమోనని కృపావతి చూసింది. ఏడవలేదు. మొదటి ఆటకు గంట కొట్టారు. ఓబులమ్మ లోపలికి పోయి, మ్యాటినీ చెత్త ఊడ్చి, బుట్టకెత్తి, గోడ అవతల పోసింది. ఆట నడుస్తున్నంతసేపూ హాలు వెనక బావి గట్టుమీద కూర్చుంది. పల్లకి పాట లోపల్నుంచి వినబడింది గాని లేవలేదు.

*

పొద్దున సినిమా పెట్టెలు ఆళ్ళగడ్డ బస్సు మీదికి ఎక్కించారు. అక్కడి డేరాలో ఆ వారం అదే సినిమా. పెట్టెలు కట్టించి దిగిన శేషయ్యకు బస్సులో వెనక సీట్లో ఓబులమ్మ కనిపించింది. ఒళ్ళో చిన్న మూట.

"యాడికి పోతాండావమ్మే?"

"మా గూడేనికి."

"ఇన్నేళ్ళకా? మళ్ళా ఎప్పుడొస్తావ్?"

"ఈడ నాకేం పని అప్పా ఇంగ?"

కోపంగా అనలేదు. నిజంగానే అడుగుతున్నట్టు అతని వైపు చూసింది. బస్సు కదిలింది.

ఆమె ఆళ్ళగడ్డలో దిగిందని, పెట్టెలు దించుతుంటే అటు చూడను కూడా చూడకుండా అహోబిలం దారి పట్టిందని కండక్టరు తర్వాత చెప్పాడు. చెప్పులు లేవట. ఎండ మండిపోతోందట. వానలు పడ్డాక గూడెం మనిషి ఒకడు తేనె అమ్ముకోవడానికి నంద్యాల వస్తే కృపావతి ఆపి అడిగింది. అతను గడ్డం గోక్కుని ఆలోచించాడు.

"దాసరయ్య పెండ్లామా? రాలేదే. నాగయ్య పోయినేడే ఆయమ్మా సచ్చిపాయెనంట గదా, ఈ పట్నంలోనే?"

కృపావతి గేటు దగ్గరికి తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చుంది. పక్క కిటికీ చువ్వకు ఫిల్ము ముక్క దారంతో కట్టి ఉంది. ఓబులమ్మ వెళ్ళిన పొద్దున కృపావతి వచ్చి చూసేసరికే అక్కడ ఉంది, తానూ విప్పలేదు. ఎండకు ఒక చివర చుట్టుకుపోయింది. గాలికి తిరుగుతున్న ఆ ముక్కలో, నాలుగు బొమ్మల్లోనూ, ఎనిమిదిమంది పల్లకి దించకుండా వాగు మధ్యలోనే ఉన్నారు.