బండి మీద నాలుగో మనిషి

పాతికేళ్లు మోపెడ్ నడిపాను. ఆ పాతికేళ్లలో లైసెన్సు అనే మాట వినకపోలేదు కానీ, అది లారీల వాళ్లకీ బస్సుల వాళ్లకీ వచ్చే జబ్బేమో అనుకున్నాను. అంతకు ముందు మా కొలకలూరులో ఎడ్లబండి తోలినన్నాళ్లూ నన్నెవరూ అడగలేదు. నా ఎద్దులు అలాంటివి మరి. నేను బండిలో గురకపెట్టి నిద్రపోతుంటే అవే తెనాలి వెళ్లి, ధాన్యం దింపించి, రసీదు కొమ్ముకి తగిలించుకుని తిరిగొచ్చేవి. దారిలో మా మామగారు ఎదురైతే పక్కకి ఒదిగి తల వంచేవి కూడా. ఇందులో అబద్ధం ఉంటే ఆ మామగారే సాక్షి. ఆయన పోయి ఇరవయ్యేళ్లయింది, అది వేరే సంగతి.

రెండువేల నాలుగులో మా వదిన, అంటే మా ఆవిడ అక్క శేషారత్నానికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట ముద్దయింది. రేపల్లె దాటాక కాలవగట్టు మీద చిన్న ఊళ్లో కొడుకు దగ్గర ఉంటుంది. కోడలు మంచిదే, అన్నం తినిపిస్తుంది, బట్టలు మారుస్తుంది. కానీ జుట్టు మాత్రం ముట్టుకోనివ్వదు మా వదిన. తల్లి చిన్నప్పుడే పోతే మా ఆవిడ జయలక్ష్మికి జడలు వేసి పెంచింది ఆవిడే. ఇప్పుడు తన తల చెల్లెలే అంటాలి, చెల్లెలే దువ్వాలి. అందుకని ప్రతి గురువారం కుంకుడుకాయలు సంచీలో వేసుకుని మా ఆవిడ నా మోపెడ్ వెనకాల ఎక్కేది. బస్సెక్కితే ఆవిడకి వాంతులు. రైలు దిగితే మూడు మైళ్లు నడవాలి, ఆ మోకాళ్లు ఒప్పుకోవు. నా బండి ఒక్కటే దిక్కు.

రెండువేల ఆరులో ఒక గురువారం మాతో దివ్య కూడా బయల్దేరింది. దివ్య మా వదిన మనవరాలు, కూతురి కూతురు. బాపట్లలో డిగ్రీ చదువుతోంది, సెలవలకని ముందురోజే మా ఇంటికొచ్చింది. బండి స్టార్టు చేయబోతుంటే మా ఆవిడ ఆపింది.

"ముగ్గురం కలిసి వెళ్లకూడదయ్యా, అక్కకి మంచిది కాదు. ఉండు."

పెరట్లోకి వెళ్లి కొబ్బరికాయంత రాయి తెచ్చింది. కడిగి, బొట్టు పెట్టి, తువ్వాలులో చుట్టి నా కాళ్ల దగ్గర కూర్చోబెట్టింది. ఇప్పుడు నలుగురం. శకునం కుదిరింది.

తెనాలి కాలవ వంతెన మీద చెయ్యి ఎత్తాడు హెడ్ కానిస్టేబుల్ నాగూర్ బాషా.

"ముగ్గురెక్కారేంటి బాబాయ్?"

"ముగ్గురం కాదబ్బాయ్, నలుగురం."

అతను మమ్మల్ని ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. మళ్లీ లెక్కపెట్టాడు. నేను తువ్వాలు విప్పి చూపించాను. రాయి నుదుటిన బొట్టు చూసి పాపం మా బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"సరే, రాయి మీద కేసు రాయన్లెండి. మనుషులు ఇద్దరికి మించకూడదు బాబాయ్. లైసెన్సేది?"

"నా మొహమే లైసెన్సు."

"మొహం మీద గడువు తేదీ కనబడట్లేదే?"

"అది ఎప్పుడో అయిపోయింది నాయనా," అంది వెనక నుంచి మా ఆవిడ.

దివ్య కిసుక్కున నవ్వింది. నాగూర్ బాషా నవ్వుతూనే చలానా రాశాడు. రాశాక నవ్వలేదు. "వచ్చే గురువారం కూడా ఇక్కడే ఉంటాను. లైసెన్సు లేకుండా కనబడితే బండి స్టేషన్లో పెట్టేస్తాను, ఏమనుకోకండి. మా నాన్నది మీ వయసే. సైకిలు మీద వెళ్తుంటే లైసెన్సు లేనివాడొకడు గుద్దాడు. మూడేళ్లయింది, ఇంకా మంచం దిగలేదు."

నేను తువ్వాలు మళ్లీ రాయికి చుట్టి బండి దిగాను.

దివ్య రైలెక్కి అమ్మమ్మ దగ్గరికి వెళ్లింది. మా ఆవిడని రిక్షా ఎక్కించి, నేను బండిని తోసుకుంటూ కొలకలూరు చేరాను. రాయి మాత్రం దర్జాగా బండి మీదే వచ్చింది. మర్నాడు తిరిగొచ్చి దివ్య చెప్పింది: "నేను దువ్వుతానన్నా ఒప్పుకోలేదు చిన్నమ్మమ్మా. పొద్దున్నించీ గుమ్మం వైపే తల తిప్పుకుని పడుకుంది."

మా ఆవిడ లేచింది. కుంకుడుకాయల సంచీ తీసి మేకుకి తగిలించింది.

ఆ సాయంత్రం నుంచే నా చదువు మొదలైంది. దివ్య రోడ్డు గుర్తుల పుస్తకం కొనుక్కొచ్చింది. అయిదో తరగతితో ఆపేసిన నన్ను వసారాలో కూర్చోబెట్టి, "ఎర్ర గుండ్రంలో ఉంటే చేయకూడదని. మూడు మూలలది ఉంటే ముందు జాగ్రత్త అని. నీలం గుండ్రం అంటే చేసి తీరాలని," అంది.

"ఎర్ర గుండ్రం నాకు తెలుసులేవే. మీ చిన్నమ్మమ్మ నుదుటి మీద ఉంది. నలభయ్యేళ్ల నుంచి నన్ను ఏ పనీ చేయనివ్వట్లా."

"తాతయ్యా! వెనక అంబులెన్సు వస్తే ఏం చేయాలి?"

"లోపల ఎవరున్నారో చూడాలి."

"ఎడమకి ఒదిగి దారివ్వాలి," అంది వంటింట్లోంచి మా ఆవిడ.

అలా ప్రతిదానికీ నా కంటే ముందు పొయ్యి దగ్గర నుంచి జవాబొచ్చేది. బడి ముందు, వంతెన మీద, మలుపులో ఎదుటి బండిని దాటకూడదని కూడా ఆవిడే చెప్పింది. చారులో ఉప్పు వేయడం మరిచిపోయింది కానీ, దారి ముందుగా ఎవరికివ్వాలో మరిచిపోలేదు.

యాభై దాటినవాళ్లకి డాక్టరు సంతకం కావాలన్నారు. తెనాలిలో ప్రకాశరావు గారని కంటి డాక్టరు. నా ముందు వెళ్లినవాడు బోర్డు మీది అక్షరాలు గట్టిగా చదువుతుంటే తలుపు పక్కన నిలబడి మొత్తం బట్టీపట్టాను. బళ్లో ఎక్కాలు కూడా నేను అలాగే ఒప్పజెప్పేవాణ్ని. నా వంతొచ్చింది. ఎడమ కన్ను మూయించి చదవమన్నాడు. పై నుంచి కింది దాకా గడగడా చదివేశాను.

డాక్టరు కుర్చీ నా దగ్గరికి లాక్కున్నాడు.

"పెద్దాయనా, మీరు కూర్చోగానే బోర్డు తీసేశాను. మీ ఎదురుగా ఉన్నది గోడ."

తరవాత దీపాలు వేసి చాలాసేపు చూశాడు. కుడి కంట్లో నీటికాసులన్నాడు. పోయిన చూపు రాదు, ఎడమ కన్నుని చుక్కల మందుతో కాపాడుకోవచ్చు. "బండి మాత్రం వద్దు. నేను సంతకం పెట్టలేను," అన్నాడు మెత్తగా.

బయట బల్ల మీద మా ఆవిడ కూర్చునుంది. మందుల చీటీ జేబులో దాచి, మీసం సర్దుకుని వెళ్లాను.

"నా చూపు చూసి డాక్టరు హడలిపోయాడే. ఇంత చూపున్నవాడికి మోపెడ్ ఏంటి, విమానం ఇవ్వాలన్నాడు."

ఆవిడ నవ్వలేదు. "కుడి కన్నేగా?" అంది.

నేను ఆవిడ పక్కనే కూలబడ్డాను. "నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? రెండేళ్ల నుంచి కుడివైపు లారీ వస్తే కుడి భుజం తట్టాను. గేదె వస్తే తట్టాను. నేను తట్టినప్పుడల్లా నువ్వు ఎడమకి జరిగావు."

నిజమే. తట్టింది. వేమూరు మలుపులో, భట్టిప్రోలు సెంటర్లో, ప్రతి గురువారం నా కుడి భుజం మీద ఆ చెయ్యి పడేది. నేనేమనుకున్నానో చెబితే మీరు నవ్వుతారు. ఈ వయసులో మా ఆవిడకి నా మీద ముద్దొస్తోందనుకున్నాను. ఆ ఊపులోనే కాస్త ఎడమకి వంగి ఒళ్లు వయ్యారంగా పెట్టేవాణ్ని.

"ఒక్క మాట చెప్పొచ్చుగా జయా."

"చెబితే బండి మానేస్తావు. మానేస్తే అక్కని చూడలేను. నా స్వార్థం నాది." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఆ పోలీసబ్బాయి వాళ్ల నాన్న సంగతి చెప్పిన కాడ్నించీ నాకు కంటి మీద కునుకు లేదయ్యా. తట్టడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమయ్యేది? ఎవరి నాన్న మంచం పట్టేవాడు?"

జేబులోంచి మందుల చీటీ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. కాంపౌండరు వచ్చి ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు.

"నేనున్నాను," అని లేచింది మా ఆవిడ. సంచీలోంచి లైసెన్సు దరఖాస్తు తీసింది. దివ్య చేతి రాత. మీద అంటించిన ఫొటోలో జయలక్ష్మి, యాభై ఎనిమిదేళ్లు, ఎర్ర గుండ్రంతో సహా. "చిన్నప్పుడు కాలవగట్టు మీద అక్క నాకు సైకిలు నేర్పింది. దీనికి తొక్కడం కూడా ఉండదుగా," అంటూ లోపలికి వెళ్లింది.

ఆవిడ గోడని గోడ అనే చదివుంటుంది. సంతకం పడింది.

గుర్తుల పరీక్షలో ఒక్కటీ తప్పలేదు. నేర్చుకునేవాళ్ల కాగితం ఇచ్చి, ముందూ వెనకా ఎర్రని 'ఎల్' అక్షరం అంటించుకోవాలనీ, లైసెన్సు చేతికొచ్చేదాకా వెనకాల ఎవర్నీ ఎక్కించుకోకూడదనీ చెప్పారు. పాతికేళ్ల అనుభవమున్న నేను సైకిలు మీద వెంటపడి పాఠాలు చెప్పాల్సొచ్చింది. "బ్రేకు! ఓసేయ్, బ్రేకు!" అని నేనరిస్తే, "వెనక నుంచి హారన్ కొట్టకూడని చోటయ్యా ఇది, బడి ఉంది!" అని ఆవిడ అరిచేది. ఒకరోజు నేరుగా గడ్డివాములోకి వెళ్లి అవతలి వైపు నుంచి బయటికొచ్చింది, జడలో ఒక్క పరక లేదు. ఊళ్లో ఎవర్నైనా అడగండి. నేను చెప్పమన్నానని మాత్రం చెప్పకండి.

మధ్యలో ఒక గురువారం ఆగలేక బస్సులో వెళ్లింది. వెళ్లి, వాంతులతో నీరసించి, దువ్వెన పట్టుకునే ఓపిక లేక అక్క పక్కనే పడుకుని తిరిగొచ్చింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఏడ్చారని ఆ కోడలు కబురు చేసింది. మర్నాడు తెల్లవారకముందే బండి చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది. ఆవిడ పొలం దారిలో, పరీక్షలో వేయించే ఎనిమిది అంకె వేస్తోంది.

లైసెన్సు వచ్చాక మొదటి గురువారం. నేను వెనక ఎక్కాను. ఆ సీటు అంత గట్టిదని పాతికేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు చూడండి మా ఆవిడ. తెనాలి వంతెన మీద నాగూర్ బాషా చెయ్యి ఎత్తకముందే ఆవిడ సిగ్నల్ చూపించి పక్కకి ఆపింది. లైసెన్సు, బండి కాగితం, ఇన్సూరెన్సు ఒకదాని తరవాత ఒకటి అతని చేతిలో పెట్టింది. అతను లైసెన్సులో ఫొటో చూశాడు, ఆవిణ్ని చూశాడు, నన్ను చూశాడు.

"వెనకాల ఎవరు పిన్నీ?"

"రాయి నాయనా. తోడుకని తెచ్చుకున్నా."

"మరి బొట్టు పెట్టలేదేంటి?"

ఆవిడ అంతలా నవ్వగా నేను పెళ్లిలో కూడా చూడలేదు. కాగితాలు తిరిగిస్తూ అతను, "మెల్లగా వెళ్లండి పిన్నీ," అన్నాడు. ఈవిడ కాగితాలు సంచీలో పెట్టుకుని, "మీ నాన్నకి ఎలా ఉంది?" అని అడిగి, అతను చెప్పిందంతా విన్నాకే బండి కదిపింది.

భట్టిప్రోలు దాటాక ఎడమవైపు కాలవలోంచి గేదె ఒకటి గట్టెక్కుతోంది. ఎడమ కన్ను నాకింకా బాగానే ఉంది. ఆవిడ ఎడమ భుజం మీద తట్టాను.

"చూశాన్లే," అంది.

"చూశావని తెలుసు," అన్నాను. చెయ్యి మాత్రం తీయలేదు.

వదిన మంచం గుమ్మం ఎదురుగా వేసుంది. బండి చప్పుడుకి తల తిప్పింది. ముందు నేను కనబడాలి, కనబడలేదు. హ్యాండిలు పట్టుకుని చెల్లెలు కనబడింది. వదిన మొహంలో బాగున్న సగం నవ్వింది. తరవాత, మేము బండి దిగకముందే, బాగున్న ఎడమ చెయ్యి మెల్లగా పైకెత్తి, తన ముడి తనే విప్పుకుంది.