బ్లైడ్ ఎత్తు

అన్‌స్ట్ దీవిలో గుర్రాన్ని కొలిచేటప్పుడు యజమాని దాని వీపు మీద బొటనవేలితో నొక్కుతాడు. గుర్రం నడుము దించుతుంది, కొలకర్ర అంగుళం తక్కువ చూపిస్తుంది. పిల్లప్పటి నుంచే దానికి అది నేర్పుతారు. అందరికీ తెలిసిన సంగతే, పైకి మాత్రం ఎవరూ అనరు. మా షెట్లాండ్ పొట్టి గుర్రాలు నలభై రెండు అంగుళాలు దాటితే గుర్రాల సంఘం వంశావళి పుస్తకంలో చోటుండదు మరి.

నేను నొక్కను. ఆరేళ్ల కిందట పోటీ మైదానంలో మా ఆడగుర్రం బ్లైడ్‌ని నిటారుగా నిలబెట్టి కొలిపించాను. నలభై మూడున్నర వచ్చింది.

"ఎక్కడో పెద్ద గుర్రం రక్తం కలిసింది, ఓస్లా అక్కా," అన్నాడు సంఘం పెద్ద గిడియన్.

"కలవలేదు. దీని తల్లి బురదగుంటలో పడి నడుం విరగ్గొట్టుకుంది, ఇక కడుపు మోయలేదు. పశువుల డాక్టరమ్మ పిండాన్ని తీసి పెద్ద గుర్రం కడుపులో పెట్టింది. ఇది పెరిగింది అక్కడ."

"చూశావా, నువ్వే ఒప్పుకుంటున్నావు!"

"రక్తం కాదురా, కడుపులో పిల్లని పోషించే మావి! మావి తల్లిది కాదు, పిల్లది. అందులోని జన్యువులే తల్లి దగ్గర్నుంచి ఎంత తిండి లాగాలో తేలుస్తాయి. కొన్ని లాగమంటాయి, కొన్ని చాలంటాయి. పెద్ద కడుపులో చోటు దొరికింది, విచ్చుకుంది. ఇది పుట్టిన రోజు మావిని గడ్డి మీద పరిచి చూశాను. మన గుర్రాలది బల్ల మీద గుడ్డంత ఉంటుంది. దీనిది దుప్పటంత ఉంది."

"పారేసే ముక్కకి ఇంత పురాణమా!" అన్నాడు. మైదానమంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మమ్మ పెంచిన గుర్రాల వంశంలో మిగిలింది బ్లైడ్ ఒక్కతే.

నవ్వు ఆగాక గిడియన్ ధీమాగా అన్నాడు. "దీని కడుపున పుట్టింది కొలతకి సరిపోతే, తల్లీబిడ్డల పేర్లు రెండూ నా చేత్తో రాస్తా."

బ్లైడ్‌తో జత కట్టించడానికి దీవిలో ఎవరూ మగగుర్రాన్ని ఇవ్వలేదు. పక్క దీవి నుంచి పడవ మీద తెప్పించాను. ఆడపిల్ల పుట్టింది. దాని మావిని కూడా పరిచి చూశాను. బల్లగుడ్డ కంటే జానెడు ఎక్కువ, అంతే. రక్తంలో తేడా లేదని తేలిపోయింది. ఆ రోజు వానలో తడుస్తూ ఒక్కదాన్నే పెద్దగా నవ్వుకున్నాను.

దానికి ఇప్పుడు నాలుగేళ్లు నిండాయి. పేరు విర్డా. నిన్న పోటీ మైదానంలో కొలతకి తీసుకెళ్లాను.

గిడియన్ కొలకర్ర పట్టుకుని నా చెవి దగ్గరికి వంగాడు. "నొక్కెయ్ అక్కా. ఎవరూ చూడరు."

"నువ్వు చూస్తున్నావుగా. దించు కర్ర."

విర్డా మెడ ఎత్తి నిలబడింది. కర్ర నలభై ఒకటి దగ్గర ఆగింది.

మైదానంలో ఒక్కడూ నవ్వలేదు. గిడియన్ మళ్లీ చూశాడు. "కొలత సరే. కానీ తల్లి పుస్తకంలో లేకపోతే పిల్లని ఎక్కించే రూలు లేదు."

"మాట ఇచ్చినప్పుడు ఆ రూలు ఎక్కడికి పోయింది?"

"అప్పుడేదో నవ్వులాటకి అన్నాను."

"అలాగా. అయితే నీ నోస్‌ని పట్టుకురా. వేలు తీసేసి కొలుద్దాం."

నోస్ అతని మగగుర్రం. మూడేళ్లుగా మొదటి బహుమతి దానిదే. కంచె దగ్గర ఎర్ర రిబ్బను కట్టుకుని గడ్డి నములుతోంది.

"పట్టుకురావయ్యా గిడియన్, మేమూ చూస్తాం," అని కంచె మీద కూర్చున్న ముసలి లారీ అరిచాడు. తక్కినవాళ్లు తమ గుర్రాల వైపు చూసుకున్నారు.

గిడియన్ కర్ర కింద పెట్టి పుస్తకం తెరిచాడు. కలం మూత తీయడానికి చాలాసేపు పట్టింది.

"విర్డా. తండ్రి పేరు చెప్పు."

"ముందు తల్లి పేరు రాయి."

"ఇందులో తండ్రి పేరే ముందు, అక్కా."

"నేను ఆరేళ్లు ఆగింది తల్లి కోసం. రాయి. బ్లైడ్, నలభై మూడున్నర. అందులో అరంగుళం తగ్గించినా ఊరుకోను."