చెవి దగ్గరి పాఠం

ఆ బడిలో నాలుగో తరగతికీ ఐదో తరగతికీ మధ్య గోడ లేదు. పక్క గది పైకప్పు పెచ్చులూడుతోందని దానికి తాళం వేసి, రెండు తరగతుల్నీ ఒకే హాల్లో వీపూ వీపూ ఆనేలా కూర్చోబెట్టారు. అటు చివర బోర్డు మైకు మాస్టారిది. ఆయనకు మైకు ఎవరూ ఇవ్వలేదు, పుట్టుకతోనే గొంతులో ఉంది. ఇటు చివర బోర్డు మన కొత్త టీచరమ్మది. ఆమె గొంతు, పాపం, పక్కనున్న పిల్లికి కూడా వినబడదు.

చేరిన నాటినుంచీ ఇదే వరస. ఈమె నోరు తెరవగానే అటు ఆయన గర్జన మొదలు. చేసేది లేక ఈమె బల్ల బల్లకూ వెళ్లి, వంగి, పిల్లల చెవి దగ్గర భిన్నాలు చెప్పుకుంటూ తిరిగేది. సాయంత్రానికి నడుము పడిపోయేది. ఇదీ ఒక పాఠం చెప్పడమేనా అని ఏడుపొచ్చేది. ఈమెకోసం బావగారు ఒక పెద్ద బడిలో ఉద్యోగం చూసిపెట్టారు. చేరుతుందో లేదో ఇవాళ మధ్యాహ్నంలోపు తేల్చి చెప్పాలి.

సరిగ్గా ఇవాళే మాస్టారి గొంతు పోయింది! పిల్లలకు రాతపని ఇచ్చి, మెడకు మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు.

"కానీ తల్లీ, ఇవాళ రాజ్యం నీదే," అన్నాడు గుసగుసగా.

హమ్మయ్య అనుకుంది. తనకే చెప్పడం రాదో, ఈ బడే చెప్పనివ్వడం లేదో ఇవాళతో తేలిపోతుంది. శిక్షణలో నేర్పినట్టే బోర్డు ముందు నిటారుగా నిలబడి, గుండ్రాలు గీసి, చక్కగా చెప్పింది.

"సగం పెద్దదా, పావు పెద్దదా?"

ఒక్కరూ పలకలేదు.

"అదేంట్రా! నిన్న టకటకా చెప్పారుగా?"

నేలచూపులు. అంత గోలలో వచ్చింది, ఇంత నిశ్శబ్దంలో రాకపోవడమేమిటి?

మొదటి బల్ల మీది రెండు జడల పిల్ల లేచింది. "టీచర్, మా మీద కోపమొచ్చిందా?"

"లేదే! ఎందుకలా అడిగావ్?"

"మరి ఇవాళ మా దగ్గరికి రావట్లేదుగా."

"అందరికీ కలిపి ఇక్కణ్ణుంచే చెప్తున్నానమ్మా. వినపడుతోందిగా?"

"వినపడుతోంది టీచర్. కానీ మాకు చెప్తున్నట్టు లేదు."

టీచరమ్మ మాస్టారి వైపు చూస్తే, ఆయన నాకేం తెలుసన్నట్టు చేతులు తిప్పాడు. రోజూ తిట్టుకుంటూ చేసిన పనే పాఠమా? మరి శిక్షణలో నేర్చుకున్నదంతా ఏ గంగలో కలపాలి? ఏమీ అర్థంకాకుండానే వెళ్లి మొదటి బల్ల దగ్గర వంగింది.

మూడో బల్ల దగ్గర ఉండగా అక్క ఫోన్ చేసింది.

"ఏమంటావే? బావ అక్కడ వాళ్లకి మాటివ్వాలి. తరగతికో గది, చేతికి మైకు. హాయిగా నిలబడి చెప్పుకోవచ్చు."

"ఏమోనక్కా, నాకేం పాలుపోవట్లేదు."

"నీ బుర్రేమన్నా పాడైందా? వస్తావా, రావా?"

నాలుగో బల్ల పిల్లలు అప్పటికే జరిగి ఆమెకు చోటిచ్చారు.

"రానని చెప్పక్కా," అంది టీచరమ్మ. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనకే అనుమానం వేసింది. "ఎందుకని మాత్రం అడక్కు, నాకూ తెలీదు."

ఫోన్ పెట్టేసి వాళ్ల మధ్య కూర్చుంది.