రాసిన ధర, కొన్న ధర

కాంతమణిని చంపింది మీరే. ధరలు పెరగలేదని అచ్చువేసిన పెద్దమనుషులారా, మిమ్మల్నే అంటున్నాను.

ఆ ఏడాది బియ్యానికి కంట్రోల్ రేటు పెట్టారు. అంతకు మించి అమ్మితే జైలు. మోండా మార్కెట్‌లో ఆ రేటుకు గింజ దొరికేది కాదు. రెట్టింపు ఇస్తేనే తూకం. వెంకటరత్నం కొట్టులో ఆ తూకం వేసేవాడు మా ఏసురత్నం. వాడి భార్యే కాంతమణి. మా మిల్లులో కూలీ. కడుపుతో ఉంది, ఏడోనెల. ఆమె తిండికి మిల్లులో వచ్చే కరువు భత్యమే ఆధారం.

నెలనెలా ధరలు రాసుకోవడానికి సర్కారు తరఫున రామభద్రరావు గారు ఆ కొట్టుకు వచ్చేవారు. సర్కారు మనిషికి ఏ కొట్టులోనైనా కంట్రోల్ రేటే చెప్తారు, భయం. ఏసురత్నమూ అదే చెప్పాడు.

బియ్యానికొచ్చిన ఒకామె పకపకా నవ్వింది. "సారూ, గా రేటుకు నాకు సుత ఇప్పియ్యరాదూ!"

ఆయన తలెత్తలేదు. రాసుకున్నారు. తర్వాత తన సంచీ చాపి, రెట్టింపు ఇచ్చి, ఇంటికి బియ్యం పట్టుకుపోయారు!

అలాంటి కాగితాలన్నీ పైకి పోయి ధరల సూచీ అయ్యాయి. సూచీ పెరిగితేనే మా భత్యం పెరుగుతుంది. పెరగలేదు. గట్టిగా అడిగితే మేనేజరు ఆ సూచీనే మా మొహాన పెట్టాడు.

"మిల్లుల తిన్న, నువ్వు తిను" అనేది కాంతమణి మొగుడితో. అబద్ధం. కాన్పులో తల్లీ బిడ్డా పోయారు. ఒంట్లో రక్తమే లేదన్నాడు డాక్టరు.

సమాధుల తోటలో ఏసురత్నం నా చెయ్యి వదల్లేదు. "అన్నా, ఆ రేటు చెప్పింది నా నోరే గదా?"



మరుసటి నెల వాడు అసలు ధర చెప్పేశాడు. రామభద్రరావు కలం ఆగిపోయింది. "అది రాస్తే మీ యజమాని మీద కేసవుతుంది నాయనా."

"మీరు కొన్న రేటే గద సార్. రాయండి."

"పోయిన నెలదే వేసుకుంటాన్లే" అని ఆయన వెళ్లిపోయారు.

"నన్ను జైలుకు పంపుదామనా?" అని వెంకటరత్నం ఆ పూటే ఏసురత్నాన్ని గెంటేశాడు.

ఇక చాలు. నిజం చెప్పినవాడి మీద కేసు ఉండదని ముందు చాటండి. కొట్టులో కాదు, మీ వంటింట్లో అడిగి ధర రాయండి. తెలియనిచోట తెలియదనే అచ్చువేయండి. ఆ సూచీని దిద్దండి. కాంతమణికి రావలసిన భత్యం ఏసురత్నం చేతిలో పెట్టండి. ఇప్పుడే.